టీమ్‌తో పడవలో నార్డిక్ ద్వీపాలకు: ఎవరికి ఏ సముద్రం నప్పుతుంది

మా ఆఫీసు స్టాక్‌హోమ్‌లో. టీమ్‌లో సగం మంది ఇక్కడ ఉంటారు, మిగతా సగం హైదరాబాద్‌లో. ఏడాదంతా స్క్రీన్ మీద చిన్న గళ్ళల్లో చూసుకునే మొహాలు ఎదురెదురుగా కూర్చునేది ఏటా ఒక్కసారే, అదీ మూడు రోజులు. ఆ మూడు రోజులకు చోటు వెతికే పని కొన్నేళ్ళుగా నా మీద ఉంది. మాది కోనసీమలో ఒక లంక ఊరు. రేవు దాటనిదే హైస్కూలుకు దారి ఉండేది కాదు. అందుకని పడవ మాట ఎత్తగానే అందరూ నావైపు చూస్తారు.

గోదారి పడవ వేరు, ఈ సముద్రాలు వేరు అని నాకు తెలిసిరావడానికి రెండు ట్రిప్పులు పట్టింది. ఇప్పుడు ఎవరైనా సలహా అడిగితే ముందు ఒక మాట చెబుతాను. ఏ దేశం, ఏ పడవ అన్నది తర్వాత చూడొచ్చు, పడవలో గడిపే గంటలకు ముందు ఒక హద్దు పెట్టుకోండి. నా లెక్కలో రోజుకు మూడు గంటలు. రాత్రులు మాత్రం ఒకే ద్వీపంలో పడుకోవాలి. రోజుకో ద్వీపం చూద్దామని ఆశపడితే సగం రోజు బ్యాగులు సర్దడానికి, ఇంకో సగం రేవులో ఎదురుచూడడానికి పోతుంది. కలిసి కూర్చుని మాట్లాడుకోవాల్సిన మనుషులు టైమ్‌టేబుల్ పట్టుకుని తిరుగుతారు.

రెండో లెక్క తలలది. 12 మంది ప్రయాణికులు దాటితే అది పాసింజర్ నౌక కింద లెక్క, దానికి తగ్గ సర్టిఫికెట్ కావాలి. 12 లోపు అయితే స్పీడ్ బోట్లు, చిన్న మోటారు బోట్లు సులువుగా దొరుకుతాయి. 13వ మనిషి చేరాడంటే రెండు బోట్లైనా తీసుకోవాలి, లేదా పెద్ద లాంచీ మాట్లాడుకోవాలి. ఖర్చు పెద్ద మెట్టు ఎక్కేది అక్కడే. “పన్నెండు పదిహేను మంది ఉంటాం” అని చెప్పి కొటేషన్ అడగొద్దు. ఎంతమందో తేల్చుకుని అడగండి.

స్టాక్‌హోమ్ ద్వీపాలు

ఊరి నడిబొడ్డున గ్రాండ్ హోటల్ ఎదురుగా స్ట్రోమ్‌కాయెన్ అనే రేవు ఉంది. పొద్దున్నే అక్కడ వాక్స్‌హోమ్స్‌బోలాగెట్ వాళ్ళ తెల్లటి లాంచీలు వరుసగా కట్టేసి ఉంటాయి. ఇది ప్రభుత్వ రవాణా సంస్థ, అంటే మన ఆర్టీసీ బస్సు లాంటిదే, నీళ్ళ మీద నడుస్తుంది. చిన్నా పెద్దా రాతి తిప్పలన్నీ కలిపి ఇక్కడ సుమారు 30,000 ద్వీపాలు ఉన్నాయంటారు. వాటి మధ్య సందుల్లోంచి పోతుంటే సముద్రం మీద ఉన్నామనే అనిపించదు, పెద్ద కాలవలో పోతున్నట్టుంటుంది. అటూ ఇటూ ద్వీపాలే అడ్డం కాబట్టి లోపలి భాగంలో కెరటం లేవదు. నీళ్ళు చూస్తే కడుపులో తిప్పే వాళ్ళున్న టీమ్‌కు ఇంతకంటే మంచి చోటు నాకు కనపడలేదు.

ఈ నీళ్ళ సంగతి కొంచెం చెప్పాలి. ఇది బాల్టిక్ సముద్రం, దీనిలో ఆటుపోట్లు దాదాపు ఉండవు. ఉప్పు కూడా మహాసముద్రంలో ఉండేదానిలో అయిదో వంతు మాత్రమే. మంచుయుగంలో ఈ నేల మీద పేరుకున్న మంచు బరువు తొలగిపోయాక భూమి మెల్లగా పైకి లేస్తోంది. స్టాక్‌హోమ్ దగ్గర ఏడాదికి నాలుగైదు మిల్లీమీటర్లు లేస్తుంది. మా లంకలు ఏటా వరదకు కోసుకుపోతుంటే చూస్తూ పెరిగినవాణ్ణి. ఇక్కడ కొత్త తిప్పలు నీళ్ళలోంచి తలెత్తుతున్నాయని మొదటిసారి విన్నప్పుడు చాలాసేపు అదే ఆలోచన.

ఏ ద్వీపం? వాక్స్‌హోమ్‌కు గంట ప్రయాణం. కోట ఉంది, ఊరు బాగుంటుంది, కానీ బస్సు కూడా వెళ్తుంది కాబట్టి దూరంగా వచ్చామన్న భావన కలగదు. సాండ్‌హామ్న్ పేరున్న చోటు, తెరచాప పడవల వాళ్ళ అడ్డా. హోటల్, మీటింగ్ హాళ్ళు అన్నీ దొరుకుతాయి, వేసవిలో మాత్రం కిటకిటలాడుతుంది. గ్రిండా, ఫిన్‌హామ్న్ చిన్నవి, ప్రశాంతంగా ఉంటాయి. 15 మంది లోపు అయితే గ్రిండా చక్కగా సరిపోతుంది.

నా ఓటు మాత్రం ఊతోకు. దక్షిణపు చివర, కొంచెం దూరం. నగరం నుంచి లోకల్ రైలు, బస్సు, ఆ తర్వాత లాంచీ. ఇనుప ఖనిజం తవ్విన పాత గనులున్న ద్వీపం ఇది. 1879లో తవ్వకం ఆపేశారు, ఆ గుంటల నిండా ఇప్పుడు నల్లటి నీళ్ళు. ఇక్కడి పెటలైట్ అనే రాతిలోనే 1817లో యోహాన్ ఆగస్ట్ ఆర్ఫ్‌వెడ్‌సన్ లిథియమ్‌ను కనిపెట్టాడు. గని గుంట అంచున నిలబడి ఈ మాట చెప్పినప్పుడు మా హార్డ్‌వేర్ కుర్రాడు జేబులోంచి ఫోన్ తీసి ఒకసారి దాన్ని, ఒకసారి ఆ రాతిని చూశాడు. ఇంజనీర్లను తీసుకెళ్తున్నవాళ్ళకు ఇంకోటి కూడా చెబుతాను. వాక్స్‌హోమ్ పక్కన రెసారో ద్వీపంలో ఇత్తెర్బీ గని ఉంది. యిట్రియమ్, యిటెర్బియమ్, టెర్బియమ్, ఎర్బియమ్, ఈ నాలుగు మూలకాలకూ ఆ ఒక్క ఊరి పేరే పెట్టారు. ఫైబర్ కేబుళ్ళలో సిగ్నల్ బలం పెంచడానికి వాడేది ఆ ఎర్బియమ్‌నే. టెలికాం వాళ్ళు అక్కడ ఒక గంట ఆగాల్సిందే.

ఊతోలో ఒక సాయంత్రం నాకు బాగా గుర్తుంది. జూన్ మొదటి వారం, రాత్రి తొమ్మిదిన్నర, ఇంకా ఎండ పోలేదు. పగలంతా కాగిన గ్రానైట్ బండ మీద కూర్చుంటే కింద నుంచి వెచ్చదనం తగులుతోంది. ఎవరో హైదరాబాద్ నుంచి తెచ్చిన జంతికల ప్యాకెట్ విప్పారు. ఒక రిలీజ్ గొడవతో నాలుగు నెలలుగా ముక్తసరి మెయిళ్ళు తప్ప మాట్లాడుకోని ఇద్దరు, ఆ ప్యాకెట్ మధ్యలో పెట్టుకుని రాయి మీద వేలితో ఏవో డబ్బాలు, బాణాలు గీస్తూ కనిపించారు. ఆ రోజు పొద్దున రెండు గంటలు నడిపిన వర్క్‌షాప్‌లో తేలని సంగతి అక్కడ తేలింది. అందుకే సాయంత్రాలకు ప్రోగ్రామ్ ఏమీ పెట్టను.

వీటి తలనొప్పి టైమ్‌టేబుల్‌తోనే. ఆగస్టు మధ్యలో వేసవి టైమ్‌టేబుల్ అయిపోతుంది, లాంచీలు తగ్గిపోతాయి. కొన్ని ద్వీపాల నుంచి ఆఖరి లాంచీ మధ్యాహ్నమే వెళ్ళిపోతుంది. ఒకసారి మేం పదిమందిమి ఒక చిన్న రేవులో నిలబడ్డాం. లాంచీ వస్తోంది, చేతులూపాం, అది మా ముందు నుంచే నేరుగా వెళ్ళిపోయింది. అలాంటి రేవుల్లో ఒక కొయ్యకు గుండ్రటి రేకు బిగించి ఉంటుంది. తాడు లాగి ఆ రేకును లాంచీకి కనపడేలా తిప్పితేనే కెప్టెన్ ఆపుతాడు. అది మాకు తెలియలేదు. తర్వాతి లాంచీకి రెండున్నర గంటలు. సన్నటి వాన. హైదరాబాద్ నుంచి ముందురోజే దిగిన ఒకావిడ చలికి వణుకుతుంటే నా జాకెట్ ఇచ్చాను గానీ, ఆ తప్పు నాదేనని మనసు పీకుతూనే ఉంది.

15 మంది దాటితే రానూపోనూ లాంచీని మొత్తంగా మాట్లాడుకోవడం మేలు. కొటేషన్ చూసేటప్పుడు ఒకటి అడగండి: మిమ్మల్ని దించాక లాంచీ ఖాళీగా వెనక్కి పోయే గంటలకూ బిల్లు వేస్తారా? చాలామంది వేస్తారు. దూరపు ద్వీపాలకు అసలు ఖర్చు అదే.

ఆలాండ్ వైపు పెద్ద ఓడ

టీమ్ 50, 60 మంది అయితే చిన్న ద్వీపాల్లో అందరికీ గదులు దొరకడం కష్టం. అప్పుడు వైకింగ్ లైన్, సిలియా లైన్ వాళ్ళ పెద్ద ఓడలు గుర్తుకొస్తాయి. స్టాక్‌హోమ్ నుంచి ఫిన్లాండ్‌లోని తుర్కూకు సుమారు పదకొండు గంటలు, హెల్సింకీకి ఒక రాత్రి. ఓడలోనే కాన్ఫరెన్స్ హాళ్ళు, ప్రొజెక్టర్, భోజనం, పడక. పొద్దున బయల్దేరే ఓడ ఎక్కి పైడెక్ మీద నిలబడితే మొదటి మూడు గంటలు ద్వీపాల మధ్య నుంచే దారి. ఇంత పెద్ద ఓడ అంత ఇరుకు సందుల్లోంచి ఎలా తిరుగుతోందో చూడడమే ఒక ముచ్చట. తర్వాత ఆలాండ్ సముద్రం కొంతసేపు విశాలంగా వస్తుంది. గాలి రోజుల్లో అక్కడ ఊగుతుంది.

ఈ ఓడలన్నీ దారిలో ఆలాండ్ రేవులైన మరియహామ్న్‌లో గానీ లోంగ్‌నేస్‌లో గానీ ఎందుకు ఆగుతాయంటే, కారణం పన్ను. ఐరోపా యూనియన్ దేశాల మధ్య ప్రయాణాల్లో 1999లో టాక్స్ ఫ్రీ అమ్మకాలు రద్దయ్యాయి. ఫిన్లాండ్‌లో భాగమైనా స్వయంపాలన ఉన్న ఆలాండ్ మాత్రం యూనియన్ పన్ను పరిధికి బయట ఉంది. అక్కడ ఆగిన ఓడకు టాక్స్ ఫ్రీ అమ్మకం చెల్లుతుంది. కాబట్టి ఓడ మొత్తం ఆ షాపు చుట్టూ, బార్ చుట్టూ తిరుగుతుంటుంది. రాత్రి పదకొండుకు కారిడార్లో పాటలు, తాగినవాళ్ళ కేకలు మామూలే. కంపెనీ ఖర్చుతో వచ్చి తాగడం ఇష్టంలేని వాళ్ళు, ముఖ్యంగా కొత్తగా చేరిన అమ్మాయిలు, భోజనం కాగానే కేబిన్‌లోకి వెళ్ళి తలుపేసుకోవడం నేను చూశాను. మీ టీమ్ అలాంటిదైతే ఈ ఓడను ప్రయాణానికి మాత్రమే వాడుకోండి. మరియహామ్న్‌లో దిగి ఒక రాత్రి ఉండండి.

దిగితే ఆలాండ్ మంచి చోటు. అందరూ స్వీడిష్ మాట్లాడతారు, డబ్బు యూరో, గడియారం ఫిన్లాండ్‌ది, అంటే స్టాక్‌హోమ్ కంటే గంట ముందు. మా మొదటి ట్రిప్పులో ఈ ఒక్క గంట వల్ల సగం మంది బ్రేక్‌ఫాస్ట్ మిస్సయ్యారు. 1921లో నానాజాతి సమితి ఒప్పందం ప్రకారం ఇక్కడ సైన్యం ఉండకూడదు. రేవులో పొమ్మెర్న్ అనే నాలుగు కొయ్యల తెరచాప ఓడ మ్యూజియంగా నిలిచి ఉంది, గోధుమలు మోసిన ఓడ. నేల బల్లపరుపుగా ఉంటుంది కాబట్టి సైకిళ్ళు అద్దెకు తీసుకుని అందరూ కలిసి తిరగొచ్చు.

ఇంకా నింపాదిగా కావాలంటే తుర్కూ వైపు దిగి ద్వీపాల రోడ్డు పట్టుకోండి. సుమారు 250 కిలోమీటర్ల చుట్టు, మధ్యలో వంతెనలు, పసుపుపచ్చ ఫెర్రీలు. బస్సుతో సహా ఎక్కి దాటే ఈ ఫెర్రీలు అచ్చంగా మన బల్లకట్టే, చాలా చోట్ల టికెట్ కూడా అక్కర్లేదు. నడివయసు దాటిన వాళ్ళు, మోకాళ్ళ నొప్పులున్న వాళ్ళు ఎక్కువమంది ఉంటే నేను చెప్పేది ఇదే.

ఆలాండ్, ఫిన్లాండ్ ప్లాన్‌ను ఒక్క దెబ్బతో మార్చేసేది పర్మిట్. స్వీడన్‌లో వర్క్ పర్మిట్ రెన్యువల్‌కు పెట్టి కార్డు కోసం ఎదురుచూస్తున్నవాళ్ళు ఇక్కడ ఉండొచ్చు, పని చేసుకోవచ్చు, కానీ చెల్లే కార్డు లేకుండా దేశం దాటి మళ్ళీ రావడం మామూలుగా కుదరదు. సరిహద్దు తనిఖీలు లేకుండా తిరిగే షెంగెన్ దేశాల లోపలే కదా అనుకుంటారు. మన తెలుగువాళ్ళకు ఈ నెలల తరబడి ఎదురుచూపు ఎంత మామూలో అందరికీ తెలుసు. ఒక ఏడాది మరియహామ్న్‌కు అంతా ఖాయం చేశాక, వారం ముందు ఒక సహోద్యోగి నా టేబుల్ దగ్గరకొచ్చి, గొంతు తగ్గించి, “నేను రాలేనండీ” అన్నాడు. అడుగుతారేమో, అందరి ముందూ చెప్పాల్సి వస్తుందేమోనని నెలరోజులు లోపలే దాచుకున్నాడు పాపం. ట్రిప్పు మార్చి సాండ్‌హామ్న్‌కు వెళ్ళాం. అప్పటినుంచి నేను చోటు ప్రకటించకముందే ఒక్కొక్కరిని విడిగా అడుగుతాను. ఎవరికైనా కార్డు చేతిలో లేకపోతే ఆ ఏడు స్వీడన్ లోపలే.

డెన్మార్క్‌లో కొయ్య ఓడ

ఫ్యూన్ ద్వీపానికి దక్షిణంగా స్వెండ్‌బోర్ చుట్టుపక్కల యాభై పైచిలుకు చిన్న ద్వీపాలున్నాయి. లోతు తక్కువ నీళ్ళు, పచ్చటి నేల. ఇక్కడి ప్రత్యేకత పాత కొయ్య తెరచాప ఓడలు. సరుకులు మోసిన ఓడలనే బాగుచేసి గ్రూపులకు సిబ్బందితో సహా అద్దెకిస్తారు. ఎవరూ ప్రయాణికుల్లా కూర్చోరు. తెరచాప ఎత్తాలంటే ఆరేడుగురు కలిసి తాడు లాగాలి. అప్పుడు మేనేజర్ ఎవరు, ట్రైనీ ఎవరు అన్నది అక్కడ పట్టదు, లయ తప్పితే చాప ఎక్కదు. వరినాట్లప్పుడు, రేవులో పడవ గట్టుకు లాగేటప్పుడు మా ఊళ్ళో పట్టే ఐలేసా అక్కడ నా నోట్లోంచి దానంతటదే వచ్చింది. రెండో రోజుకు డేన్లు కూడా అందుకున్నారు.

సాయంత్రానికి ఎరోస్కోబింగ్ లాంటి పాత ఊరి రేవులో ఓడ కడతారు. రాళ్ళు పరిచిన సందులు, రంగురంగుల పొట్టి ఇళ్ళు, గుమ్మాల పక్కన మనిషెత్తు హాలీహాక్ పూలు. ఆ పక్క రేవు నుంచి 2019లో మొదలైన ఎల్లెన్ అనే బ్యాటరీ ఫెర్రీ నడుస్తోంది. చూడాలనుకునే ఇంజనీర్లు ప్రతి టీమ్‌లోనూ ఉంటారు.

ఇబ్బంది పడకల దగ్గర. అరల్లాంటి బంకులు, పల్చటి కర్టెన్, ఒకటో రెండో టాయిలెట్లు. గురక ఓడంతా వినబడుతుంది. ఆడవాళ్ళు తక్కువమంది ఉన్న టీమ్‌లో ఇది బలవంతంగా రుద్దకూడదు. దీనికి దారి ఉంది. పగలు ఓడలో తిరిగి, రాత్రి ఊళ్ళో హోటల్లో పడుకోవచ్చు. ఖర్చు పెరుగుతుంది, కానీ ఎవరూ మొహమాటపడాల్సిన పని ఉండదు. 15 నుంచి 25 మంది, ఎక్కువమంది కుర్రవాళ్ళు, ఒకరికొకరు కొత్త అయితే ఈ కొయ్య ఓడకు సాటి లేదు.

లోఫోటెన్

ఫొటోలు చూసి అందరూ ముందు అడిగేది ఇదే. నార్వే ఉత్తరాన, ఆర్కిటిక్ వలయం పైన, సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన కొండలు. మే చివరి నుంచి జులై మధ్య వరకూ సూర్యుడు అస్తమించడు. బోడో నుంచి మధ్యాహ్నం తీరనౌక ఎక్కితే రాత్రికి స్వోల్వేర్ చేరుస్తుంది. 1893 నుంచి నడుస్తున్న దారి అది. మధ్యలో దాటాల్సింది వెస్ట్‌ఫియోర్డ్. పేరుకు ఫియోర్డ్, అంటే కొండల మధ్య ఇరుకు సముద్రపు పాయ, గానీ నిజానికి విశాలమైన సముద్రమే, గాలి తిరిగితే పెద్ద ఓడ కూడా మెలికలు తిరుగుతుంది. మా టెస్టింగ్ టీమ్ అమ్మాయి ఒకతి ఆ నాలుగైదు గంటలూ నేల మీద పడుకునే ఉంది. మర్నాడు మీటింగ్‌లో కూర్చుంది గానీ మొహంలో రక్తం లేదు.

అక్కడ జాలర్ల కోసం నీటి అంచున కట్టిన ఎర్రటి రూర్బూ ఇళ్ళల్లో బస. జనవరి నుంచి ఏప్రిల్ వరకూ కాడ్ చేపల సీజన్. పట్టిన చేపలను ఉప్పు లేకుండా కర్రల దండేల మీద వేలాడదీసి, చలిగాలికి మే నెల దాకా ఎండబెడతారు. వాసన తగలగానే మాకు ఓడలరేవు తీరంలో ఎండుచేపల కళ్ళాలు గుర్తొచ్చాయి. మిగతావాళ్ళు ముక్కు మూసుకున్నారు, మేం ముగ్గురం గుండెల నిండా పీల్చుకున్నాం.

రాకపోకలకే దాదాపు రెండు రోజులు పోతాయి. వాతావరణం పూటకోలా మారుతుంది, బడ్జెట్ కూడా గట్టిగా ఉండాలి. కాబట్టి మూడు రోజుల రిట్రీట్‌కు లోఫోటెన్ వద్దంటాను. ఎనిమిది పదిమంది, కనీసం నాలుగు రాత్రులు, పెద్ద నిర్ణయం ఏదో తీసుకోవాల్సిన గ్రూప్ అయితే వెళ్ళండి. స్వోల్వేర్ నుంచి ట్రోల్‌ఫియోర్డ్‌కు ఒక పూట పడవ, మిగతా రోజులు నేల మీద.

బోహుస్లేన్, అంటే స్వీడన్ పడమటి తీరం, గోథెన్‌బర్గ్ ఆఫీసుల వాళ్ళకు దగ్గర. మార్‌స్ట్రాండ్‌లో కార్లు తిరగవు, కోట ఉంది. కోస్టర్ ద్వీపాల చుట్టూ 2009లో ఏర్పడిన సముద్ర నేషనల్ పార్కు ఉంది. సెప్టెంబర్ 20 తర్వాత వచ్చే మొదటి సోమవారం లాబ్‌స్టర్ వేట మొదలవుతుంది. జాలరితో కలిసి బుట్టలు లాగే ట్రిప్పులు కంపెనీలకు బాగా అమ్ముతారు. రొయ్యా పీతా ఇష్టపడే టీమ్‌కు పండగ. సగం మంది శాకాహారులైతే ఆ సగం పక్కన కూర్చుని చూడాల్సి వస్తుంది, అది నాకు నచ్చదు. ఫారో దీవులు డెన్మార్క్ కిందివే అయినా షెంగెన్‌లో లేవు. మామూలు షెంగెన్ వీసాతో ఇండియా నుంచి వచ్చేవాళ్ళను అక్కడికి తీసుకెళ్ళే ఆలోచన పెట్టుకోకండి.

ఎప్పుడు వెళ్ళాలి

జులై వదిలేయండి. స్వీడన్ మొత్తం సెలవులో ఉంటుంది, ద్వీపాల నిండా కుటుంబాలే. జూన్ 19, 25 మధ్య వచ్చే శుక్రవారం మిడ్‌సమ్మర్ పండగ, దాని చుట్టుపక్కల రోజులు కూడా వద్దు. మిగిలేవి రెండే: జూన్ మొదటి రెండు వారాలు, ఆగస్టు ఆఖరి వారం నుంచి సెప్టెంబర్ మధ్య వరకు. వెలుగు కావాలంటే మొదటిది. నీళ్ళలో దిగాలంటే రెండోది, వేసవంతా కాగిన నీళ్ళు అప్పుడు కాస్త భరించేలా ఉంటాయి. సత్రాలు, హోటళ్ళు కూడా గ్రూపులకు మర్యాదగా సమయం ఇచ్చేది అప్పుడే.

నీళ్ళంటే భయమున్న వాళ్ళ కోసం

2019 సెప్టెంబర్ 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగింది. ఆ రాత్రి టీవీ ముందు నుంచి మా ఇంట్లో ఎవరూ లేవలేదు. లైఫ్ జాకెట్ విషయంలో నేను ఇంత పట్టు పట్టడానికి అదే కారణం. పెద్ద లాంచీల్లో జాకెట్లు వేసుకునే పని ఉండదు, కానీ ఎక్కడున్నాయో అందరికీ చూపించమని సిబ్బందిని అడగండి. స్పీడ్ బోటు, తెరచాప పడవ, కయాక్ అయితే ఎక్కకముందే, రేవు మీదే అందరికీ వేయించి బకిల్ పెట్టారో లేదో ఒక్కొక్కరి దగ్గరా చూడండి. ఈతొచ్చినవాళ్ళకూ మినహాయింపు ఇవ్వకండి. ఈ నీళ్ళు చల్లన, పడిన మొదటి నిమిషంలో ఊపిరి ఎగబీలుస్తుంది, ఈత అప్పుడు గుర్తుకురాదు.

గాలిని ఇక్కడ సెకనుకు ఇన్ని మీటర్లని చెబుతారు. 14 దాటితే వాతావరణ శాఖ హెచ్చరిక ఇస్తుంది. ఎనిమిది దాటితేనే నేను చిన్న బోట్లు రద్దు చేస్తాను, డబ్బు పోయినా సరే. బుక్ చేసేటప్పుడే గాలి వల్ల రద్దయితే ఏం చేస్తారో రాతపూర్వకంగా తీసుకోండి. కడుపులో తిప్పేవాళ్ళను ఓడ మధ్యభాగంలో, కింది అంతస్తులో కూర్చోబెట్టండి. టాబ్లెట్ బయల్దేరకముందే వేసుకోవాలి, వికారం మొదలయ్యాక వేసుకుంటే పెద్దగా పనిచెయ్యదు.

“ఈత రాదు” అని చెప్పడానికి చాలామందికి సిగ్గు. అందుకని అందరికీ ఒకే ఫారం పంపండి: ఈత వచ్చా, పడవ పడుతుందా, ఏం తింటారు, ఏం తినరు. జవాబులు మీరొక్కరే చూడండి.

భోజనం దగ్గర ఇక్కడి “వెజిటేరియన్”లో గుడ్డు, చీజ్ ఉంటాయి. గుడ్డు ముట్టని వాళ్ళకు “వీగన్” అని రాయడమే సులువు. పెరుగు విడిగా షాపులో కొని ఫ్రిజ్‌లో పెట్టించండి. హైదరాబాద్ నుంచి వచ్చేవాళ్ళను ఆవకాయ తెమ్మనొచ్చు. నెయ్యి, పాలకోవా మాత్రం వద్దని చెప్పండి, ఐరోపాలోకి పాల పదార్థాలు తేనివ్వరు. ద్వీపంలో ఉన్నది ఒకే వంటగది, పక్కన ఇంకో హోటల్ ఉండదు. వారం ముందే మెనూ తెప్పించుకుని చూడండి.

సౌనా, అంటే వేడి ఆవిరి గది గురించి: ఇక్కడివాళ్ళకు అది స్నేహం చేసే చోటు. మనవాళ్ళలో చాలామందికి బాస్ ముందు తువ్వాలుతో కూర్చోవడమే ఊహకందదు. ఆడవాళ్ళకు, మగవాళ్ళకు వేరు వేరు గంటలు పెట్టండి, స్విమ్ సూట్ వేసుకోవచ్చని ముందే రాయండి, రానివాళ్ళను ఎందుకు రాలేదని అడగకండి.

పిడుదుల సంగతి బ్రోషర్లలో ఉండదు. స్టాక్‌హోమ్ ద్వీపాల్లో, ఆలాండ్‌లో గడ్డిలో పిడుదులుంటాయి, వాటి కాటుతో మెదడుకు జ్వరం పట్టే జబ్బు రావచ్చు. ఆలాండ్ వాళ్ళు దాన్ని కుమ్లింగె అనే తమ ద్వీపం పేరుతోనే పిలుస్తారు. టీకా ఉంది గానీ ఒక్క డోసుతో అయ్యేది కాదు, నెలల ముందే మొదలుపెట్టాలి. ప్యాంటు సాక్సుల్లో దోపుకుని నడవమనండి, రాత్రి స్నానం చేసేటప్పుడు మోకాళ్ళ వెనుక, చంకల్లో చూసుకోమనండి.

ఇక ఎంపిక. పదిమంది పాతికమంది మధ్య, కొందరు ఇండియా నుంచి, కొందరికి నీళ్ళంటే భయం అంటే జూన్‌లో ఊతో గానీ, 15 మంది లోపైతే గ్రిండా గానీ, రెండు రాత్రులు. యాభై దాటితే మరియహామ్న్, అందరి చేతుల్లో కార్డులుంటేనే. కుర్రవాళ్ళ కొత్త టీమ్‌కు స్వెండ్‌బోర్ కొయ్య ఓడ. ఎవరెవరు వస్తున్నారో ఖాయంగా తెలియని స్థితిలో ఏదీ బుక్ చేయకండి.

చిన్న రేవు నుంచి తిరిగొచ్చే రోజు టీమ్‌లో ఒకరికి ఆ గుండ్రటి రేకు బాధ్యత అప్పగించండి. టైముకు పదిహేను నిమిషాల ముందే అక్కడ ఉండి, తాడు లాగి, లాంచీ వచ్చే వైపుకు కనపడేలా తిప్పాలి. చీకటి పడితే ఫోన్ టార్చ్ ఊపాలి. లాంచీ రేవుకు తగిలాక ఎక్కే హడావుడిలో మర్చిపోకుండా దాన్ని మళ్ళీ మామూలుగా తిప్పి రావాలి, లేకపోతే తర్వాతి లాంచీ ఎవరూ లేని రేవులో ఆగాల్సి వస్తుంది.